అక్వేరియం నీటి వేడిని ప్రోబ్‌తో అదుపు చేయడం: ఎండలు ముదరకముందే చేసుకోవలసిన ఏర్పాటు

ఏప్రిల్ నెల సగం గడిచేసరికి మన ఇళ్ళలో, ముఖ్యంగా పై అంతస్తు గదుల్లో, చేపల తొట్టి నీరు మధ్యాహ్నం వేళ 31, 32 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతూ ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు చెప్పే రోజుల్లో, ఏసీ లేని గదిలో అది ఇంకా పైకి పోతుంది. గప్పీలు, ఏంజెల్ చేపలు కొన్నాళ్ళు ఓర్చుకుంటాయి గానీ నియాన్ టెట్రాలు, గోల్డ్‌ఫిష్‌లు, చిన్న రొయ్యలు ఓర్చుకోలేవు. 25 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల వరకు ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 32 డిగ్రీల దగ్గర అది 7.3 మిల్లీగ్రాములకు పడిపోతుంది. నీరు వేడెక్కిన కొద్దీ చేప ఒంట్లో జీవక్రియ వేగం పెరిగి ఆక్సిజన్ అవసరం ఎక్కువవుతుంది కాబట్టి, రాబడి తగ్గిన నెలలోనే ఖర్చు పెరిగిన సంసారంలా ఉంటుంది దాని పరిస్థితి. దీనికి తోడు, పీహెచ్ 8 ఉన్న నీటిలో చేపల వ్యర్థాల నుంచి పుట్టే మొత్తం అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం 25 డిగ్రీల వద్ద 5 శాతానికి కాస్త ఎక్కువగా ఉండగా, 30 డిగ్రీల వద్ద దాదాపు 7.5 శాతానికి పెరుగుతుంది. క్షారగుణం ఎక్కువగా ఉన్న బోరు నీరు వాడేవారు ఈ తేడాను తేలికగా తీసుకోకూడదు.

మనం ఇంట్లో ఉన్నంతసేపు ఫ్యాన్ వేయడం, మూత తీయడం, ఐసు సీసా తేలవేయడం వంటివి చేస్తూనే ఉంటాం. కానీ తొట్టి బాగా వేడెక్కేది మనం ఆఫీసులో ఉన్నప్పుడు, మనం వేసిన ఫ్యాన్ అనవసరంగా తిరిగేది మనం నిద్రపోతున్నప్పుడు. నీటిలో మునిగి వేడిని కొలిచే ఉష్ణోగ్రత ప్రోబ్, ఆ కొలతను బట్టి వేసవిలో ఫ్యాన్‌నూ చలికాలంలో నీటిని వెచ్చబరచే హీటర్‌నూ వేసి ఆపే కంట్రోలర్ చేసే పని ఆ గంటల్లో మన బదులు కాపలా కాయడమే. ఈ ఏర్పాటును ఎలా ఎంచుకోవాలో, ఎక్కడ అమర్చాలో, ఎలా పరీక్షించాలో ఇక్కడ వివరిస్తాను. అన్నిటికంటే ముందు మనసులో ఉంచుకోవలసిన మాట ఒకటుంది: కంట్రోలర్ తెర మీద కనిపించే అంకె తొట్టి నీటి ఉష్ణోగ్రత కాదు, ప్రోబ్ మొన ఉన్న చోటి ఉష్ణోగ్రత. ఆ రెండూ ఒకటే అయ్యేలా చూడటం మన బాధ్యత, పరికరానికి ఆ తేడా తెలియదు.

ప్రోబ్ లోపల ఏముంటుంది

ఇళ్ళలో వాడే ప్రోబ్‌లు ఎక్కువగా రెండు రకాలు. మొదటిది ఎన్‌టీసీ థర్మిస్టర్. ఇది వేడి పెరిగిన కొద్దీ విద్యుత్ నిరోధం తగ్గే చిన్న పూస. బజారులో దొరికేవాటిలో చాలావరకు 25 డిగ్రీల వద్ద 10,000 ఓముల నిరోధం ఉన్నవి. 30 డిగ్రీలకు అది సుమారు 8,000 ఓములకు దిగుతుంది. ఎస్‌టీసీ 1000 అనే మోడల్ వంటి, తయారుగా దొరికే కంట్రోలర్లలో వచ్చేది ఇదే. రెండోది డీఎస్18బీ20 అనే డిజిటల్ ప్రోబ్. ఆర్డుయినో, ఈఎస్‌పీ అనే, ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులతో సొంతంగా కంట్రోలర్ తయారు చేసుకునేవారు దీన్ని వాడతారు. మైనస్ 10 నుంచి 85 డిగ్రీల మధ్య అర డిగ్రీ అటూ ఇటూగా కొలవడం దీని ప్రమాణం, ఒకే తీగ మీద ఇలాంటివి అనేకం తగిలించుకోవచ్చు.

రెండింటిలో ఏది మేలన్న ప్రశ్న కన్నా, అది పాడైనప్పుడు ఏం జరుగుతుందన్న ప్రశ్న నాకు ముఖ్యంగా తోస్తుంది. ఎన్‌టీసీ ప్రోబ్ తీగ తెగితే నిరోధం అనంతమవుతుంది, అంటే లెక్క ప్రకారం నీరు గడ్డకట్టుకుపోయినంత చల్లగా ఉన్నట్టు; తప్పును గుర్తుపట్టే ఏర్పాటు లేని కంట్రోలర్ అప్పుడు హీటర్‌ను ఆపకుండా వెలిగిస్తుంది. దానికి భిన్నంగా, ప్రోబ్ లోపలికి నీరు చేరి చెమ్మ గుండా విద్యుత్తు ప్రవహిస్తే నిరోధం తగ్గి, నీరు అసలు కన్నా వేడిగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఫ్యాన్ రాత్రంతా తిరుగుతుంది, చలికాలంలో హీటర్ వెలగదు. డీఎస్18బీ20 విషయంలో గుర్తుంచుకోవలసిన అంకెలు రెండు. విద్యుత్తు వచ్చిన వెంటనే, ఇంకా కొలవకముందే చదివితే అది 85 చూపుతుంది. సంబంధం తెగిపోతే సాధారణంగా వాడే ఆర్డుయినో లైబ్రరీ (ముందే రాసి ఉంచిన ప్రోగ్రామ్ భాగం) మైనస్ 127 అని ఇస్తుంది. సొంతంగా ప్రోగ్రామ్ రాసుకునేవారు ఈ రెండు విలువలనూ నిజమైన ఉష్ణోగ్రతగా తీసుకోకుండా, అవి కనిపిస్తే హీటర్‌ను ఆపి గంట మోగించేలా రాయాలి. ఎస్‌టీసీ 1000 అయితే ప్రోబ్ తెగినా, షార్ట్ అయినా రిలేలను, అంటే ఫ్యాన్‌నూ హీటర్‌నూ వేసి ఆపే లోపలి స్విచ్‌లను, ఆపేసి తెర మీద తప్పు సూచన చూపి మోగుతుంది. ఏ కంట్రోలర్ కొన్నా, బిగించిన తర్వాత ఒక్కసారి ప్రోబ్‌ను విడదీసి అది ఏం చేస్తుందో కళ్ళారా చూడండి.

స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగున్న చవక ప్రోబ్‌లలో తొడుగుకూ తీగకూ మధ్య అతుకు త్వరగా వదులవుతుంది. నీరు లోపలికి పోతే కొలత చెడటమే కాక, లోపలి రాగి తీగ తుప్పుపట్టి నీటిలోకి రాగి చేరుతుంది. రొయ్యలకు, నత్తలకు రాగి ప్రాణాంతకం. లోపల జిగురు పూత ఉండి వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టాన్ని ఆ అతుకు మీద తొడిగి వేడి చేస్తే చాలా కాలం నిలుస్తుంది. సముద్రపు నీటి తొట్టి ఉన్నవారు స్టీలు ప్రోబ్ జోలికి పోకుండా ప్లాస్టిక్ లేదా ఎపాక్సీ పూత ఉన్నదో, టైటానియం తొడుగుదో తీసుకోవాలి.

కొలత సరిచూసుకోవడం

కొత్త ప్రోబ్ చూపే అంకెను నమ్మే ముందు రెండు చోట్ల సరిచూడాలి. ఐసును మెత్తగా నలగ్గొట్టి థర్మాస్ ఫ్లాస్కులో నింపి, ముక్కల మధ్య ఖాళీలు నిండేంత మాత్రమే చల్లని నీరు పోసి, ప్రోబ్‌ను గోడలకు తగలకుండా నడుమ ఉంచి పది నిమిషాలు ఆగితే అది సున్నా చూపాలి. ఐసు ముక్కలు పైన తేలే నీటిగ్లాసు దీనికి పనికిరాదు, ఎందుకంటే అడుగున ఉన్న నీరు సున్నా కన్నా రెండు మూడు డిగ్రీలు ఎక్కువగా ఉండవచ్చు. రెండోసారి, ఫ్లాస్కులో 37 డిగ్రీల గోరువెచ్చని నీరు పోసి, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ మొనను, ప్రోబ్ మొనను దారంతో ఒకేచోట కట్టి ముంచాలి. జ్వరం చూసే థర్మామీటర్ తన పరిధిలో డిగ్రీలో పదో వంతు వరకు సరిగా కొలిచేలా తయారవుతుంది కాబట్టి ఇంట్లో దొరికే అన్ని కొలతల్లో అదే నమ్మదగినది. సున్నా దగ్గర ఒక తేడా, 37 దగ్గర మరో తేడా వస్తే, మనకు కావలసిన 26 నుంచి 30 డిగ్రీల పరిధికి దగ్గరగా ఉన్న రెండోదాన్నే కంట్రోలర్‌లోని సవరణ సెట్టింగులో పెట్టాలి. ఎస్‌టీసీ 1000లో ఇది ఎఫ్4 అనే సెట్టింగు.

ప్రోబ్‌ను ఎక్కడ ఉంచాలి

ఈ పనిలో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. తొట్టి నీరంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉండదు. హీటర్ పైన వేడి నీరు పొగలా నిలువుగా లేస్తుంది; ఫ్యాన్ గాలి తగిలే పై పొర కాస్త చల్లగా ఉంటుంది; ఇసుకలో, గులకరాళ్ళలో పాతుకుపోయిన ప్రోబ్‌కు మార్పు ఆలస్యంగా తెలుస్తుంది; లైటు నేరుగా పడే నల్లటి ప్రోబ్ తానే వేడెక్కుతుంది. అందువల్ల హీటర్‌కు ఎదురు చివర, ఫిల్టర్ నుంచి వచ్చిన నీరు తొట్టి అంతా తిరిగి వెనక్కి మళ్ళే దారిలో, అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో మొన ఉండేలా బిగించడం మంచిది. నీరు ఆవిరై మట్టం ఎంత దిగినా, నీళ్ళు మార్చేటప్పుడు సగం తోడేసినా, మొన నీటిలోనే ఉండే లోతు అది. గాజుకు అతుక్కునే రబ్బరు కప్పు ఒక్కదాని మీదే ఆధారపడవద్దు. మొన దగ్గర ఒకటి, నీటి మట్టానికి దిగువన మరొకటి పెట్టి, తీగను తొట్టి అంచు దగ్గర క్లిప్పుతో బిగించాలి. అంచు దాటాక తీగ ఒకసారి కిందికి వేలాడి ఆ తర్వాత పైకి వెళ్ళి కంట్రోలర్‌కు చేరాలి, అప్పుడు తీగ వెంట జారిన నీటి బొట్టు ఆ వంపు దగ్గరే నేల మీద పడుతుంది.

మొన నీటి బయట ఉంటే ఏమవుతుందో నేను చేదుగా నేర్చుకున్నాను. హైదరాబాద్‌లో ఒక డిసెంబరు సాయంత్రం నీళ్ళు మారుస్తుంటే, తోడే గొట్టంతో పాటు ప్రోబ్ కూడా ఊడి వచ్చి తొట్టి వెనక వేలాడింది. నేను గమనించలేదు. తడిసిన మొన చలిగాలిలో ఆరుతూ గదికన్నా చల్లని అంకెను చూపుతుంటే, కంట్రోలర్ రాత్రంతా 150 వాట్ల హీటర్‌ను వెలిగిస్తూనే ఉంది. కంట్రోలర్ ఉంది కదా అని హీటర్ మీద వేడిని ఎంచుకునే బిళ్ళను 34కు తిప్పి ఉంచడం నేను చేసిన రెండో తప్పు. తెల్లవారేసరికి 90 లీటర్ల తొట్టి 33 డిగ్రీలు దాటింది, ఆరు నియాన్ టెట్రాలు చనిపోయాయి. ఆ రోజు నుంచి హీటర్ సొంత బిళ్ళను కంట్రోలర్ అంకెకు ఒకటి, రెండు డిగ్రీలు మాత్రమే పైన ఉంచుతున్నాను. కంట్రోలర్ పొరపడినా హీటర్ తనంతట తాను ఆగుతుంది, హీటర్‌లోని థర్మోస్టాట్ అంటుకుపోయినా కంట్రోలర్ ఆపుతుంది. నీళ్ళు మార్చే ముందు హీటర్ ప్లగ్గు తీయడం, మట్టం నిండి ప్రోబ్ చోటు సరిచూశాకనే పెట్టడం ఇప్పుడు నాకు తప్పని నియమం.

కింద సంపు, అంటే నీరు దిగి మోటారుతో మళ్ళీ పైకి వెళ్ళే రెండో తొట్టి, ఉన్న పెద్ద తొట్లలో ఇంకొక చిక్కు ఉంది. హీటర్ సంపులో, దాని ప్రోబ్ పైతొట్టిలో ఉన్నాయనుకోండి. నీటిని పైకి పంపే మోటారు ఆగిన రోజున పైనీరు చల్లబడుతూ ఉంటుంది, ప్రోబ్ ఇంకా వేడి కావాలంటుంది, సంపులోని కొద్దిపాటి నీరు మరిగినంత పని అవుతుంది. కనుక హీటర్, దాన్ని నడిపే ప్రోబ్ ఒకే నీటిలో ఉండాలి. ఫ్యాన్‌ను నడిపే ప్రోబ్ మాత్రం చేపలున్న పైతొట్టిలోనే ఉండాలి, ఎందుకంటే చల్లదనం కావలసింది అక్కడే.

ఫ్యాన్ ఎంతవరకు చల్లార్చగలదు

కూజాలో నీరు చల్లబడే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. ఆవిరయ్యే నీరు మిగిలిన నీటి నుంచి వేడిని తీసుకుపోతుంది. 100 లీటర్ల నీటిని ఒక డిగ్రీ చల్లార్చాలంటే సుమారు 170 మిల్లీలీటర్లు ఆవిరైతే చాలు. అయితే గది నుంచి వేడి నిరంతరం లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి, ఎండాకాలంలో నా 90 లీటర్ల తొట్టికి రోజుకు రెండు లీటర్ల దాకా నీరు కలపవలసి వస్తుంది. ఆవిరయ్యేది నీరే గానీ అందులోని లవణాలు కావు. బోరు నీరే మళ్ళీ మళ్ళీ పోస్తూ ఉంటే కాఠిన్యం వారం వారం పెరుగుతుంది, అందుకే ఈ లోటును ఆర్‌వో నీటితో పూడ్చడం ఉత్తమం.

ఫ్యాన్‌కు ఒక హద్దు ఉంది, దాన్ని ఏ కంట్రోలరూ దాటించలేదు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ గాలిలో ఎంత చూపుతుందో అంతకన్నా కిందికి ఆవిరి ద్వారా నీటిని చల్లార్చలేము. మే నెలలో హైదరాబాద్‌లో 40 డిగ్రీల ఎండ, గాలిలో 30 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం ఆ అంకె సుమారు 26. విశాఖపట్నంలో 36 డిగ్రీలు, 65 శాతం తేమ ఉంటే అది 30కి చేరుతుంది. అంటే తెలంగాణలో, రాయలసీమలో ఒక చిన్న ఫ్యాన్ చేసే మేలు కోస్తాలో చేయలేదు. గదిలో నీళ్ళ కూలర్ వాడేవారు, అది గాలిలో తేమను పెంచి తొట్టి ఫ్యాన్ బలాన్ని తగ్గిస్తుందని గమనించాలి. కిటికీ తెరిచి ఉంచితే ఆ నష్టం తగ్గుతుంది.

ఫ్యాన్‌గా కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌ను సిఫారసు చేస్తాను. దానికి ప్రాణహాని కలిగించే వోల్టేజీ ఉండదు. టేబుల్ ఫ్యాన్‌ను తొట్టి అంచున నిలబెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. గాలి నీటి ఉపరితలం మీదుగా ఏటవాలుగా వెళ్ళాలి, గాజు మూత తీసేయాలి, చేపలు ఎగిరి బయటపడకుండా సన్నని వల బిగించాలి. తొట్టిలోకి వేడి ఇచ్చే వనరులను తగ్గించడం కూడా ఇందులో భాగమే: నీటిలో మునిగి ఉండే 40 వాట్ల మోటారు తాగే విద్యుత్తంతా చివరికి నీటిలో వేడిగానే మిగులుతుంది, కాబట్టి అవసరానికి మించిన మోటారు మార్చుకోవాలి, లైటు వేళలను మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి జరపాలి.

సెట్టింగులు

కంట్రోలర్‌లో మూడు అంకెలు ముఖ్యం: కోరిన ఉష్ణోగ్రత, తేడా, ఆలస్యం. ఎస్‌టీసీ 1000లో కోరిన ఉష్ణోగ్రత 27, తేడా 1 అని పెడితే, నీరు 28కి చేరినప్పుడు ఫ్యాన్ మొదలై 27కు రాగానే ఆగుతుంది. 26కు దిగితే హీటర్ వెలిగి 27 దగ్గర ఆగుతుంది. తేడాను మరీ తగ్గించి 0.3 అని పెడితే నీరు ఎంతో స్థిరంగా ఉంటుందని అనిపిస్తుంది గానీ, రిలే మాటిమాటికీ టక్కుమంటూ త్వరగా అరిగిపోతుంది, ఒకసారి అటు, ఒకసారి ఇటు దాటుతూ హీటర్, ఫ్యాన్ ఒకదానితో ఒకటి పోటీపడే ప్రమాదమూ ఉంది. మంచినీటి చేపలకు ఒక డిగ్రీ తేడా ఏ మాత్రం ఇబ్బంది కాదు. వేసవిలో హీటర్‌ను ప్లగ్గు నుంచే తీసేయడం ఇంకా క్షేమం.

కోరిన ఉష్ణోగ్రత చేపను బట్టీ, ఊరిని బట్టీ ఉండాలి. విశాఖపట్నంలో ఉండి ఫ్యాన్‌ను 26కు పెడితే అది ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆగకుండా తిరుగుతుంది, నీరు మాత్రం అక్కడికి దిగదు. 28 నుంచి 30 డిగ్రీల నీరే కోరుకునే డిస్కస్ చేపలు అక్కడ సుఖంగా ఉంటాయి. గోల్డ్‌ఫిష్‌నో, చల్లని నీటి రొయ్యలనో పెంచదలిస్తే ఫ్రిజ్‌లా కంప్రెసర్‌తో నీటిని చల్లార్చే చిల్లర్ తప్పదు. ఆలస్యం అనే సెట్టింగు అవసరమయ్యేది ఆ చిల్లర్‌కే. కంప్రెసర్ ఆగిన వెంటనే మళ్ళీ మొదలైతే లోపలి పీడనం సమం కాకముందే మోటారు మీద భారం పడుతుంది, అందుకని మూడు నుంచి ఐదు నిమిషాల విరామం పెట్టాలి. చిల్లర్‌కు ప్రోబ్‌ను చల్లని నీరు బయటికి వచ్చే గొట్టం దగ్గర కాకుండా తొట్టి అవతలి చివరన ఉంచాలి, లేకపోతే తొట్టి సగం చల్లబడకముందే అది ఆగిపోతుంది.

హఠాత్తుగా చల్లార్చడం కూడా హానికరమే. 34 డిగ్రీలకు చేరిన తొట్టిని చూసి కంగారుపడి బకెట్ల కొద్దీ చల్లని నీరు పోయవద్దు. గంటకు ఒక డిగ్రీకి మించకుండా దించాలి. లీటరు సీసాలో గడ్డకట్టిన ఐసు 100 లీటర్ల నీటిని సుమారు ఒక డిగ్రీ చల్లార్చగలదు కాబట్టి గంటకొక సీసా లెక్క సరిపోతుంది. దానితో పాటు గాలి బుడగల మోటారు తప్పక వేయాలి, ఆ క్షణంలో చేపకు చల్లదనం కన్నా ఆక్సిజన్ ముందు కావాలి.

విద్యుత్తు, పరీక్ష

ఎస్‌టీసీ 1000 వెనక 230 వోల్టుల స్క్రూలు బయటికే ఉంటాయి. దాన్ని మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో, తొట్టి మట్టానికి పైన, నీటి చిమ్ములు తగలని గోడకు బిగించాలి. వైరింగ్ తెలియనివారు ఎలక్ట్రీషియన్‌తో చేయించుకోవాలి లేదా సాకెట్లతో సిద్ధంగా వచ్చే కంట్రోలర్ కొనుక్కోవాలి. తొట్టికి వెళ్ళే లైను మీద 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైనును ఆపేసే స్విచ్) ఉండాలని నేను గట్టిగా కోరుతున్నాను. పగిలిన హీటర్ గాజు, తడిసిన చెయ్యి కలిసిన చోట ప్రాణం నిలిపేది అదే. కరెంటు కోతల కోసం, 12 వోల్టుల ఫ్యాన్‌ను, గాలి మోటారును ఇన్వర్టర్ లైనుకు మార్చుకుంటే కంట్రోలర్ కూడా అదే లైనులో ఉండాలి, లేకపోతే ఫ్యాన్‌కు శక్తి ఉన్నా ఆజ్ఞ ఉండదు.

అంతా బిగించాక, చేపల మీద ప్రయోగం చేయకుండా గ్లాసులతో పరీక్షించండి. ప్రోబ్‌ను తీసి 32 డిగ్రీల నీరున్న గ్లాసులో ముంచితే ఫ్యాన్ తిరగాలి. చల్లని నీటి గ్లాసులోకి మార్చితే ఫ్యాన్ ఆగి హీటర్ సూచిక వెలగాలి, ఆ సమయంలో హీటర్ పూర్తిగా తొట్టి నీటిలో మునిగి ఉండాలి. చివరగా ప్రోబ్‌ను కంట్రోలర్ నుంచి విడదీస్తే రెండూ ఆగి గంట మోగాలి. ఈ మూడూ జరిగితే ప్రోబ్‌ను దాని చోట బిగించి, మొదటి వారం రోజులు ఉదయం ఆరు, మధ్యాహ్నం మూడు, రాత్రి పది గంటలకు కంట్రోలర్ అంకెనూ, తొట్టిలో వేరుగా పెట్టిన మామూలు గాజు థర్మామీటర్ అంకెనూ పక్కపక్కన రాసుకోండి. రెండింటి మధ్య తేడా ఎప్పుడూ ఒకేలా ఉంటే ఫరవాలేదు. మధ్యాహ్నం మాత్రమే తేడా పెరుగుతుంటే ప్రోబ్ మీద ఎండో లైటో పడుతోందని, రోజురోజుకీ పెరుగుతుంటే ప్రోబ్ లోపలికి చెమ్మ చేరుతోందని అనుమానించాలి. నెలకోసారి మొన మీది నాచును మెత్తని గుడ్డతో తుడిచి, ఫిబ్రవరి నెలలో ఒకసారి ఐసు ఫ్లాస్కు పరీక్షను మళ్ళీ చేసి, అంకె అర డిగ్రీకి మించి మారితే కొత్త ప్రోబ్ తెచ్చుకోండి.